తడిసిన లెక్క

మంగళవారం రాత్రి మారికినా నది
మా వంటింట్లోకి వచ్చింది,
రమ్మనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.
బియ్యం డబ్బా పైకెత్తాను, పిల్లాడి బూట్లు ఎత్తాను,
ల్యాప్‌టాప్ గుర్తొచ్చేసరికి
అది బల్ల కింద, మోకాలి లోతులో.

ఇవాళ ఆదివారం. మాల్ మూడో అంతస్తు.
"తడిశాక ఆన్ చేశారా?" అన్నాడు డెల్ఫిన్.
ఒక్కసారే, అన్నాను.
మూడుసార్లు చేశాను.
స్క్రూలన్నీ ఐస్‌క్రీం కప్పులో పోసి
మూత తీసి బురద వాసన చూశాడు.
"ముందు ఏది బయటికి తియ్యమంటారు, అక్కా?"
ఫోటోలు, అన్నాను.
అందరూ అదే అంటారట.
టోకెన్ నలభై ఏడు. రెండు గంటలు.

పక్క బెంచీ మీద ఒక బడిపంతులు
ప్రింటర్ ఒళ్లో పెట్టుకుని
కాగితాల ట్రే మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు.
ఎదురుగా ఫోన్ కవర్ల కొట్టు పిల్ల
గాజు మీది వేలిముద్రలు తుడుస్తోంది.
తుడిచిన చోటే ఇంకెవరో వేలు పెట్టి
ఇదెంత, అంటున్నారు.

ఆ పెట్టెలో ఉన్నది చీటీ లెక్క.
ఇరవై రెండు మంది, వారానికి ఐదువందల పెసోలు,
తొమ్మిదేళ్లుగా నా చేతి మీద నడుస్తున్న పలువగన్.
నిరుడు దాకా పుస్తకంలోనే రాసేదాన్ని.
పుస్తకం తడిస్తే ఏం చేస్తావమ్మా, కంప్యూటర్లో పెట్టు
అంది మా కూతురు.

రసీదు వెనక రాయడం మొదలుపెట్టాను.
ఫెలీసా, కూరగాయలు, బాకీ లేదు.
క్వింటిన్, జీప్నీ, ఒక వారం.
బాసియాంగ్ అవ్వ అన్నీ చిల్లర నాణేలే ఇస్తుంది,
లెక్కపెట్టిన చేతికి రాత్రిదాకా
పొగబెట్టిన చేపల వాసన.
నెస్టోర్.
ఇక్కడ పెన్ను ఆగింది.

మార్చిలో చీటీ ఎత్తుకున్నాడు, భార్య డయాలసిస్‌కి.
ఆ తర్వాత ఆరు వారాలు మొహం చాటేశాడు.
ఆ ఆరూ నా డబ్బుతోనే సర్దాను.
మూడు వేలు.
ఆ సంగతి తెలిసింది నాకూ, ఆ పెట్టెకీ.
అతనికి తెలుసు, తెలీనట్టుంటాడు.
వరద రాత్రి ట్రైసికిల్ ట్యూబు ఒకటి ఈడ్చుకుంటూ వచ్చాడు.
ముందు పొరుగువాళ్ల పందిని దాటించాడు,
తర్వాతే మా అమ్మని.
ఆవిడ ఇంకా ఆ వరుస గురించే తిడుతోంది.

పదకొండింటికి కింద హాల్లో పూజ మొదలైంది.
నిన్న వాషింగ్ మెషిన్ లక్కీ డ్రా తీసిన వేదిక మీదే,
చెప్పుల కొట్టుకీ డోనట్ల కొట్టుకీ మధ్య.
ఎస్కలేటర్లు ఆపలేదు.
సంచులతో పైకొస్తున్న వాళ్లు
చివరి మెట్టు దగ్గర గబగబా సిలువ గుర్తు వేసుకుని
సేల్ బోర్డు వైపు తిరుగుతున్నారు.

మా పాపాలు మన్నించు, అంటోంది మైకు.
మా అమ్మమ్మ పాత బైబిల్లో
అక్కడ అప్పులు అనే ఉండేది.
చిన్నప్పుడు కొట్టువాడి పద్దు గురించనుకునేదాన్ని.
నేనూ లేచి నిలబడ్డాను, మూడో అంతస్తులో,
రెయిలింగ్ పట్టుకుని.
పెట్టె బతకాలని మొక్కాలో
చావాలని మొక్కాలో తేలక
పెదవులు మాత్రం కదిపాను.

నలభై ఏడు!

"బతికింది, అక్కా. కానీ ఫోటోలేవీ లేవే?
ఒక్క లెక్కల ఫైలే ఉంది."
తెర మీద నెస్టోర్ వరుస ఎర్రగా,
నీళ్లు తాకనట్టే ఉంది.
వేలు దాకా వెళ్లింది నా చెయ్యి.
"అది పనిచెయ్యదు," అన్నాడు డెల్ఫిన్,
"డిలీట్ మీటలో బురద పోయింది.
కొత్త కీబోర్డు తొమ్మిది వందలు, వచ్చే వారం వస్తుంది."

ఆలోచించి చెప్తానన్నాను.
పదిహేను వందలు లెక్కపెట్టి ఇచ్చాను,
అందులో సగం బాసియాంగ్ నాణేలే.
ఐస్‌క్రీం కప్పులో ఒక స్క్రూ మిగిలిపోయింది.
ఎక్కడిదో డెల్ఫిన్‌కీ తెలీదట.
కాగితంలో చుట్టి ఇచ్చాడు,
దాచుకోండి, అని.